సగం దెబ్బ

మన్ననూరు ఘాటెక్కినంక
గాలి ఒక మెట్టు చల్లబడతది.
అక్కడ, చెక్‌పోస్టుకు ఎగువన
నాలుగు వేల నల్ల సంచులకు నేను కాపలా.
సంచికి గుప్పెడు ఎర్రమట్టి, ఒక మొర్రిగింజ,
పూటకో చెంబు నీళ్లు.

నెల దాటింది.
మొలిచినవి పదకొండు.
'విత్తనం నాసి' అని రిజిస్టర్ల రాయమన్నడు సారు.
రాసిన.

ఆరుద్ర కార్తె నడుస్తున్నది.
మేడిగుండం పెంట నుంచి దిగింది చిగుర్ల ఈదమ్మ,
నెత్తి మీద సారపలుకుల మూట,
డిపోల తూకం వేయించనీకి.
దూపయి నా షెడ్డు కాడ ఆగింది.
నీళ్లు తాగి, మూతి తుడుచుకొని
సంచుల దిక్కు చూసింది
పాలు ముట్టని పసిదాన్ని చూసినట్టు.

"గింజ సావలే కొడుకా.
తలుపు తీసెటోళ్లు లేరు దానికి.
అడవిల ఆ పని ఎలుగు చేస్తది,
మింగి, కడుపుల నానబెట్టి, ఇంకో గుట్ట మీద దించుతది.
నువ్వు ఎలుగువు కాకపోతివి."

ఆమె చేతుల గురించి కొంచెం చెప్పాలె.
ఎండకాలం మొర్రికొమ్మను వంచుతయి, విరవవు.
చిటారు పండ్లు పిట్టలయి,
రాలినయి ఎలుగుయి,
నడిమియి మనిషియి.
ఈ పంపకం ఏ కాయితం మీదా లేదు.
మొన్న గొడ్డళ్లతో వచ్చినోళ్లకు తెల్వదు గూడా,
పచ్చికాయను కొమ్మతో సహా దించుకపోయిండ్రు.

పండును రాత్రంతా నానబెట్టి
గోనెపట్టా మీద రుద్ది, ఎండబెట్టి,
ఒక్కొక్క గింజను అంచు మీద నిలబెట్టి కొడతది.
ఎక్కువైతే పలుకు నుజ్జు.
తక్కువైతే పెంకు నవ్వుతది.
అడ్డెడు గింజలకు గిద్దెడు పలుకులు.
నిండు పలుకులు అచ్చంపేట దాటి
పట్నంల ఎవరి పాయసంలనో తేలుతయి.
నుజ్జయినయి మనుమరాలికి.
గురి తప్పిన దెబ్బే
ఆ గుడిసెల తీపి.

డబ్బాల మిగిలిన గింజలు అడిగింది.
బండ ముంగట గొంతుక్కూచుంది.
చెయ్యి లేచింది,
సగం దూరం దిగి
ఏదో గుర్తొచ్చినట్టు మెత్తబడ్డది.
టక్.
పెంకు మీద వెంట్రుకంత గీత.
"పలుకు కనపడొద్దు. గాలికి సందు దొరకాలె, అంతే."

అరవై ఏండ్లు తిననీకి కొట్టిన చెయ్యి
మొలవనీకి ఎంత కొట్టాల్నో
ఎప్పుడు నేర్సుకున్నదో నేనడగలే.

నేనూ కొట్టిన.
ఐదు నుజ్జు.
ఏరి నా అరచేతిల పెట్టింది.
"తిను. ఇదే బడి."

పొద్దు గుట్ట వెనక్కి పోయేటాలకు
రెండు వందల గింజలకు సందు దొరికింది.
డిపోకు తాళం పడ్డది.
కూలి రాద్దామంటే
మస్టర్ల ఆమెకు గడి లేదు.
జేబుల యాభై ఉంటే ఇయ్యబోయిన,
"రేపు మళ్లొస్త గదా" అని
మూట నెత్తికెత్తుకొని
వచ్చిన తొవ్వనే ఎక్కిపోయింది.
మరునాడు వాన. రాలే.

ఇరవై రోజులకు
నూటా అరవై రెండు మొలకలు,
కొన్నిటికి పెంకు ఇంకా టోపీ లెక్క నెత్తి మీదనే ఉన్నది.
ఏం మందు వేసినవని అడిగిండు సారు.
'సగం దెబ్బ, ఈదమ్మ చెయ్యి' అని రాసిన.
ఆయన దాన్ని కొట్టేసి
ఇంగ్లీషుల ఏదో రాసుకున్నడు.
మంచిగనే ఉంది ఆయన రాత.

కంచె బయట,
ఎలుగు కూచున్న జాగల
ఎవ్వరూ లెక్కపెట్టని మూడు మొలకలున్నయి.
చెంబు పట్టుకొని రెండుమాట్ల దాకా పోయిన.
పోసి మాత్రం రాలే.