తొంభై నిమిషాల లెక్క

తోర్రెనీబ్లాలో జనవరి రాత్రికి
చక్కెర మిల్లు వాసన.
మందుల షాపు పక్కన, ఒక అక్షరం వెలగని నియాన్ బోర్డు కింద
నేను పనిచేసే పందేల కొట్టు.

రాజుగారి కప్పు.
చిట్టీ తీస్తే మాకొచ్చింది రాజధాని జట్టు.
రెండు బస్సుల్లో దిగారు, వంటవాణ్ణి కూడా వెంటబెట్టుకుని.
వాళ్ళది మొదటి డివిజన్, మాది అయిదోది.
మా గోలీ ఎలాదియో
పొద్దున బీట్‌రూట్ లారీ ఖాళీ చేసి వచ్చాడు.

తెర మీద మూడు అంకెలు.
వాళ్ళు గెలిస్తే యూరోకి ఒకటింపావు,
సమమైతే ఆరు,
మేం గెలిస్తే పన్నెండు.
చూడ్డానికి కూరగాయల ధరల్లా ఉంటాయి గానీ
లోకం మా ఊరిని ఎంతకు కడుతోందో
అక్కడ రాసుంది.

మధ్యాహ్నం నుంచీ ఒక్కొక్కరే వచ్చారు.
మెడలో ఆకుపచ్చ మఫ్లర్లు, మా జట్టు రంగు.
గొంతులు మాత్రం
ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకునేటప్పటివి.
"వాళ్ళ మీద యాభై, కసీల్దా. పైకి అనకు."
రొట్టెల కొట్టు ఫ్రోయిలాన్, మా అభిమాన సంఘం కోశాధికారి,
గాజు మీద వేలితో చూపించాడు,
నోరు తెరవలేదు.
ఎలాదియో తల్లి బాసీలీసా కూడా వచ్చింది.
ఎనభై పెడితే వంద,
మిగిలే ఇరవైకి ఒక గ్యాస్ సిలిండర్.
"వాడు ఎలాగూ ఓడిపోతాడు,
ఇల్లన్నా వెచ్చగా ఉండాలిగా" అంది.

చివర్లో సాతూరియో.
మిల్లులో కాటా గుమాస్తాగా రిటైరైనవాడు.
ముప్పై నాలుగేళ్ళ కప్పు మ్యాచ్‌లు ఒక నోటుబుక్కులో:
స్కోరు, గోలు పడ్డ నిమిషం, గాలి ఎటు,
మైదానంలో మంచు ఉందా లేదా.
బార్‌లో వాటిని కాకిలెక్కలంటారు.
"చిన్న ఊరు, సొంత మైదానం, గడ్డకట్టిన నేల.
అలాంటి రాత్రులు ఇరవై రెండు.
తొంభై నిమిషాల్లో తేలనివి తొమ్మిది."
సమం మీద మూడు యూరోలు పెట్టాడు,
చిల్లర, లెక్కబెట్టి.

కొట్టు మూసే ముందు నా లెక్క:
చీటీలు నలభై మూడు.
మా మీద పదకొండు, సమం మీద ఒకటి,
వాళ్ళ మీద ముప్పై ఒకటి.
ఊరి మొత్తంలో ఈ అంకె తెలిసింది
నాకూ, యంత్రానికీ.

ఆట నేను చూళ్ళేదు, విన్నాను,
తలుపు తెరిచిపెట్టి, హీటరు కాళ్ళ దగ్గర పెట్టుకుని.
ఊరంతా ఒకే ఊపిరి పీల్చి వదిలినట్టు
పదకొండుసార్లు.
ఎలాదియో ఆపాడన్నమాట.
తొంభై దాటింది. సున్నా, సున్నా.
అదనపు సమయం.
నూట పద్దెనిమిదో నిమిషంలో
ఊపిరి పీల్చిన ఊరు మళ్ళీ వదల్లేదు.
ఎవరి మోకాలికో తగిలి దారి తప్పిన బంతి.
అంతే.
తర్వాత చప్పట్లు, చాలాసేపు.
ఏడుస్తూ ఇళ్ళకు పోయారు,
జేబుల్లో చీటీలు భద్రంగా.

పొద్దున తొమ్మిదింటికి వరస కట్టారు,
ఒకరి మొహం ఒకరు చూడకుండా.
నేను చీటీ వెనక్కి తిప్పి
చీమల్లాంటి అక్షరాలు చూపించాను:
పందెం మొదటి తొంభై నిమిషాలకే.
"ఓడిపోయాం కదా?"
"ఓడిపోయాం."
"మరి డబ్బు?"
"అదీ పోయింది."
ముప్పై ఒక్కసార్లు చెప్పాను, ముప్పై ఒక్కసార్లూ గొంతు తగ్గించి.
ఫ్రోయిలాన్ చట్టం ఉందన్నాడు, కోర్టన్నాడు,
మనిషి తర్వాత మనిషి తోస్తుంటే
మఫ్లర్ సర్దుకుని వెళ్ళిపోయాడు.

బాసీలీసా చీటీని రెండువైపులా చదివింది.
అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివింది.
"అయితే నా ఎనభై కూడా
వాడే ఆపేశాడన్నమాట!"
తిట్టిందో మురిసిందో నాకు తెలీలేదు.
చీటీ మాత్రం పారెయ్యలేదు.

సాతూరియో పద్దెనిమిది యూరోలు రెండుసార్లు లెక్కబెట్టుకున్నాడు.
పెన్సిలు నాలికకి తడుపుకుని
ఇరవై రెండు కొట్టేసి ఇరవై మూడు,
తొమ్మిది కొట్టేసి పది.
తల ఎత్తకుండానే అడిగాడు,
"మనవాళ్ళు వాళ్ళ మీద ఎంతమంది పెట్టారు?
ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది."

యంత్రం రాత్రి పాడైందన్నాను.
నా వెనకాల అది సన్నగా గుర్రుమంటూనే ఉంది.
సరేనని
గడిలో ఒక గీత గీసుకున్నాడు.