ఇ తర్వాతి అక్షరం

పంతులు పంచాంగం మూసి
కృత్తిక రెండో పాదం, ఇ తో పెట్టండి అన్నాడు.
ఇ తో ఏముంటాయి మార్కాపురంలో?
ఇటుక. ఇనుము. ఇసుక ట్రాక్టరు.
ఇందిర ఉంది గానీ
మా వీధిలో ఇందిరలు ఇప్పటికే నలుగురు,
నలుగురికీ మోకాళ్ళ నొప్పులు.

ఇల, అంది హైమ.
భూమి అని అర్థమట.
రెండక్షరాలే. బలపం అరగదు.

నేను పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగిస్తా.
మా అమ్మ గురవమ్మ ముప్ఫై ఏళ్ళు
గని రాతికి ఉలి పెట్టి
పొరలు పొరలుగా విప్పింది.
ఎన్ని లక్షల పలకలో.
ఒక్కదాని మీదా ఒక్క అక్షరం రాసి ఎరగదు.
ఇప్పుడు వేలిముద్రలు కూడా అరిగిపోయి
రేషను మిషను ఆమెని గుర్తుపట్టదు.

ల వద్దు, ళ పెడదాం, అన్నా నేను. ఇళ.
ఎందుకంటే ఏం చెప్పను.
ల అంటే నాలుక పళ్ళ వెనక ఒకసారి ఆని వచ్చేస్తుంది.
ళ అంటే వెనక్కి మడుచుకుపోయి
అంగిట్లో ఏదో వెతుక్కుని మరీ వస్తుంది.
కూతురి పేరు పలకడానికి
ఆ మాత్రం కష్టపడొద్దా?

"నీ పేరే నువ్వు సరిగా అనవు,
మాల్యాద్రిని మాలాద్రి చేస్తావు" అంది హైమ.
నిజమే.
ఓటరు కార్డులో ఒకడిని, బ్యాంకులో ఇంకొకడిని.
కరెంటు బిల్లు మాత్రం తప్పుల్లేకుండా వస్తుంది,
పదేళ్ళ కిందట పోయిన మా నాయన పేరు మీద.

మున్సిపల్ ఆఫీసులో రహంతుల్లా గారు మంచి మనిషి.
"తెలుగులో నీ ఇష్టం మాల్యాద్రీ,
ఇంగ్లీషులో ల కీ ళ కీ ఒకటే ఎల్లు"
అని టైపు కొట్టి తెర నా వైపు తిప్పాడు.
రెండు నిలువు గీతలు, పక్కనో ఏ.
ఏ గీత ఐ, ఏ గీత ఎల్లో
కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
"బళ్ళో ఐలా అంటారంకుల్" అంది
వెనక వరసలో యూనిఫాం పిల్ల.
ముందొక ఈ, చివరొక ఏ తగిలిస్తే
సంఖ్య కలిసొస్తుందన్నాడు
నాలుగు ఉంగరాల ఆసామి.
మా బామ్మర్ది తిరుపాలు పలకల లోడు మద్రాసు తోలతాడు.
ఫోన్లో లారీ హోరు మీదుగా అరిచాడు:
"బావా, రెండు ఎల్లులు మాత్రం పెట్టబాక!
ఈడ ఇల్లా అంటే లేదని.
పిల్లని పిలిచినప్పుడల్లా
లేదు లేదు అన్నట్టుంటది."

రహంతుల్లా గారు గడియారం చూసి
రేపు రా, అన్నాడు.

రాత్రి అంచు విరిగిన పలకొకటి తీసి
రెండూ రాశా.
ఇల. ఇళ.
అమ్మ వచ్చి పలక చేతిలోకి తీసుకుంది,
గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.
రాయి మంచిదే, అంది.
అక్షరాల సంగతి అడగలేదు.

"ఇంతకీ ఏం పేరురా?"
"ఇల."
"ఇలా ఏందిరా, టీవీలో మాట్లాడినట్టు?
మనం ఇట్టా అంటాం గదా."
హైమ పొట్ట పట్టుకుని నవ్వింది,
కుట్లు నెప్పి పుట్టేదాకా.

కాదమ్మా, భూమి. ఏదీ, అను.

అమ్మకి ముందు పళ్ళు నాలుగూ లేవు.
ల కోసం వెళ్ళిన నాలుకకి
ఆనుకోడానికి గోడ దొరకలేదు,
ఉత్త గాలి బయటికొచ్చింది.
ఇంకోసారి.
ఈసారి నాలుక వెనక్కి మడుచుకుంది.
ఇళ, అంది.
ఉలి సరిగ్గా పడ్డ చోట
పొర లేచినట్టు.

హైమ నా వంక చూళ్ళేదు.
చీర చెంగు తడిపి
పలక మీద ల ని తుడిచేసింది.

పొద్దున్నే చెప్పా రహంతుల్లా గారికి, ళ అని.
ఇంగ్లీషులో ఆ రెండు గీతలూ అట్నే ఉండనీ సారూ,
ఏది ఏదో పెద్దయ్యాక అదే చెప్పుకుంటది.

జేబులో కాయితం ఇంకా వెచ్చగా ఉండగానే ఇల్లు చేరా.
చీర ఉయ్యాల పక్కన కూర్చుని అమ్మ
"ఇట్టా చూడవే, ఇట్టమ్మా" అంటోంది.
ఇరవై ఒక్క రోజుల పిల్ల
సరిగ్గా అటే తల తిప్పింది.