అడ్డపొగ

కాశీబుగ్గ జీడి షెడ్డులో
గోడ మీద ఎర్రక్షరాల బోర్డు: పొగ తాగరాదు.
దాలమ్మకి చదువు రాదు. వచ్చినా ఒకటే.
నిప్పు వైపు నోట్లో పెట్టుకుని
పెదాలు మూసేస్తే
చుట్ట కాలుతోందని చెప్పేది
ముక్కులోంచి జారే నీలం దారం ఒక్కటే.

ఐదో నెల.
సావుకారు పుండరీకం రోజుకి ఇరవై కోశాడు.
మర్నాటి నుంచి దొడ్డి వెనక్కి వెళ్ళి తాగింది,
అంతే తేడా.

అప్పుడు నేను, ఈ షెడ్డుకి మేస్త్రీని,
నా అంగిట్లోనూ పాతికేళ్ళ మాడు మోస్తున్నదాన్ని,
పక్కన పీటేసుకుని కూచున్నాను.
ఎందుకే అనలేదు.
ఎప్పుడెప్పుడు అన్నాను.

"పొయ్యి కాడ కాయ ఏగినప్పుడు అప్పా,
ఆ గాటుకి కడుపు దేవేస్తాది.
సుట్టెడితే కంపు సచ్చిపోతాది.
మరి పదకొండింటికి. ఆకలి.
కిలో లెక్క గదా, లెగిస్తే కూలి పోతాది."

సాయంత్రం సావుకారు గుమ్మంలో నిలబడి
ఆ కిలోల లెక్కలోనే చెప్పాను:
పదకొండింటికి పావుగంట, అరకిలో పప్పు కూలి.
గురువారం నర్సమ్మ దగ్గరికి పోయే పూట, నాలుగు కిలోలు.
పొయ్యి మానిపించి గ్రేడింగు గదిలో కూచోబెడితే
ఖర్చే లేదు, అక్కడ కిటికీ ఉంది.
"రేపు అందరూ అడుగుతారే" అన్నాడు.
అడగనీండి.
గుండుకీ బద్దకీ తేడా మీకు నేను చెప్పాలా?
వాళ్ళమ్మా ఈ పీటల మీదే కాయ కొట్టింది,
జీడి రసం తిన్న వేళ్ళతోనే అన్నం కలిపింది.
సరే అనలేదు ఆయన.
కోసిన ఇరవైలు మాత్రం లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

మొదటి వారం దాలమ్మ చేతులు వణికి
రెండొందల పది రకంలో మూడొందల ఇరవై కలిపేసింది.
ఎవరూ అరవలేదు. మళ్ళీ ఏరాం.
పదకొండింటికి వేయించిన సెనగలు, బెల్లం ముక్క,
కిటికీ కాడ అటూ ఇటూ నడక.

తొమ్మిదో రోజు తాగింది.
తనే వచ్చి చెప్పింది. "ఒకటే అప్పా. సగమే."
"మరి మిగతా సగం?"
కొప్పులోంచి తీసి చూపించింది.
నేను లాక్కోలేదు.

ఏడో నెలకి కూడా అది కొప్పులోనే ఉంది, ఎండిపోయి.
నిన్న నర్సమ్మ పొట్ట మీద డబ్బా పెట్టి
గుర్రం పరుగు లాంటి ఆ చప్పుడు వినిపిస్తే
దాలమ్మ నోరంతా తెరిచి నవ్వింది.

ఇంటికొచ్చి నా చుట్టల డబ్బా మూత తీశాను.
చాలాసేపు వాసన చూశాను.
మూత పెట్టేశాను, ఈ పూటకి.