గరుకు

గెలలు తెల్లారకుండానే లారీ ఎక్కిపోతాయి.
బోదెలు మాత్రం గట్టు మీదే కుళ్లి
దోమలకి పురుడు పోసేవి.
ఇప్పుడు వాటిని సైకిలుకి కట్టుకొచ్చి
మోరి రోడ్డు పక్క రేకుల షెడ్డులో
నార తీస్తున్నాం.
చిన్నప్పుడు మా అయ్య "నార తీసేస్తా"నంటే వణికేదాన్ని.
ఇప్పుడదే నా కూలి.

తీసిన నార మెరుస్తుంది,
పాపిడి తీసి దువ్వాలనిపిస్తుంది.
"ఆ నునుపుతోనే చిక్కు, పిన్నీ" అంది దీవెన,
కాకినాడలో చదివొచ్చిన పిల్ల.
మొదటి పలక మోకాలికి ఆన్చి విరిచింది.
పటుక్కుమంది.
విరిగిన చోట పోగులు
ఒరలోంచి కత్తుల్లా జారి వచ్చేశాయి,
ఒక్కదానికీ బంక అంటలేదు.
ఒక కప్పు కిందే ఉన్నారు గాని కాపురం చెయ్యలేదు.

అందుకని కాస్టిక్ సోడా నీళ్లు.
వందకి అయిదు పాళ్లు, నాలుగు గంటలు.
మరిచిపోతే నార నీరుగారిపోతుంది.
ఒక బానెడు అలాగే పోగొట్టాను.
దీవెన ఏమీ అనలేదు,
మర్నాడు గోడకి గడియారం తగిలించింది.
నీళ్లు టీ రంగుకి తిరిగి
మైనం, జిగురు, పుట్టు మెరుపు అన్నీ దిగిపోతాయి.
ఎర్ర కాగితం ఎర్రగానే ఉండేదాకా జాడించి
నీడన ఆరేస్తే
చేతికి గరుగ్గా తగులుతుంది.

ఇక బంక. జీడిపిక్కల తొక్క నూనె.
దాన్ని నాకొకరు పరిచయం చెయ్యక్కర్లేదు.
పద్నాలుగేళ్లు పిక్కలు కొట్టాను.
బూడిద రాసినా, ఆముదం రాసినా
వేళ్ల కొసలు తినేసింది.
డిపోలో మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు.
"తుడుచుకుని పెట్టమ్మా. మళ్లీ పెట్టమ్మా."
వెనక సంచులు సణుగుతాయి.
నేను నేనేనని చెప్పడానికి
నా వేలి మీద ఒక్క గీత లేదు.
నున్నగా అయిపోయినదాన్ని ఏదీ పట్టుకోదని
దీవెన చెప్పకముందే నాకు తెలుసు.

ఆ నూనే కాచి, గట్టిపడే మందు కలిపి
నార పొరల మీద పోసి, జాకీ బిగిస్తే
మర్నాటికి తాటిబెల్లం రంగు పలక.
కొప్పాడి ధర్మారావు పడవ పీటకి అడిగాడు.
ముందు దానిమీదెక్కి గెంతాడు.
తర్వాత రాయి కట్టి గోదాట్లో నెల్లాళ్లు నానేశాడు.
ఒక మూల ఉబ్బింది, దాచను.
అంచుకి నూనె అందలేదంది దీవెన.
మళ్లీ చేశాం.

ఈసారి విరవడానికి ఇద్దరం కావలసొచ్చింది.
నార జారి రాలేదు.
తెగింది, బంకతోపాటే.

పువ్వులతో కూడి నార తలకెక్కిందంటారు.
సఖినేటిపల్లి రేవులో పువ్వెక్కడుందండీ,
నారే ఎక్కింది పడవ,
పదిమందిని కూర్చోబెట్టుకుని.

ఆ పీట అడుగున, ఎవరూ చూడని వైపు,
బంక ఆరకముందు బొటనవేలు ఒత్తాను.
గుంట పడింది. నా గీతలు పడలేదు.
ఆ గుంటలో అడ్డంగా
నార గీతలు కనిపిస్తాయి.