కనీసం

పడుగుపాడు మిల్లులో కాటా దగ్గర
పదకొండేళ్లుగా నిలబడ్డ మనిషిని.
బస్తాకి గుప్పెడు తరుగు పోయినా పట్టేస్తాను.
ఈ తరుగే అంతుబట్టలేదు:
పోయిన నెల రెండువేల ఎనభై కట్టాం,
అప్పులో తగ్గింది మూడొందల అరవై రెండు.
మిగతాది ఏ ఎలక తిన్నదో.

"కనీసం ఇంత కట్టండి" అంటుంది ఫోను,
ఎంత మర్యాదో!
మా వీధి వడ్డీల కోటమ్మైతే
గడప మీద కూర్చుని నాలుగు తిట్టి,
మజ్జిగ తాగి,
వారం గడువిచ్చి పోయేది.

పెంచలమ్మ క్యాలెండరు వెనక లెక్క రాసింది.
పాలు అర లీటరు. కేబులు వద్దు.
చీటీ ఈ నెలే పాడేద్దాం, ఎంత పోయినా సరే,
ఆ నలభై ఒక్కవేలూ ఒక్కసారే వాళ్ల మొహాన కొడదాం.

ఆదివారం మామిడికాయ ముక్కలేసి పులుసు కాచింది.
పిల్లోడు గరిటె అడుగుదాకా తిప్పి చూశాడు,
ఏమీ అనలేదు.

తిన్నాక ఆమె కత్తిపీట వాల్చుకుంది.
కార్డు గట్టిది, రెండుసార్లు జారింది.
మూడోసారి తెగింది:
మస్తానయ్య ఒక ముక్కలో,
ఇంటిపేరు ఇంకో ముక్కలో.

పిల్లోడు రెండూ ఏరుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"నాయనా, చందువా వాసన" అన్నాడు.