కాలవలో పడితే రెండు బేసులు

స్కోరు రాయడానికి ఎవరూ దొరక్క
జువాలజీ ల్యాబులో కప్పల జాడీలు తుడుచుకునే నన్ను పిలిచారు.
అంతర్ కళాశాలల బేస్‌బాల్, ఆడపిల్లల ఫైనలు,
రాజోలు మీద తణుకు.
ముందురోజు రాత్రి హాస్టల్ మెస్సులో సలాది మేస్టారు
తింటున్న కంచంలోనే నాకు ఆట నేర్పారు:
వంకాయ ముక్క ఫస్టు బేసు, ఆవకాయ టెంక సెకండు,
మూడోది ఉప్పు.
"బయల్దేరిన చోటికే రావాలోయ్, అంతే ఆట" అని
మజ్జిగ పోసి మొత్తం కలిపేశారు.

మా తొమ్మిది మందికి గ్లవుజులు అయిదు.
తణుకు వాళ్లు బ్యాటింగుకి వెళ్తూ
నాలుగు విప్పి మావాళ్ల చేతుల్లో పెట్టేవాళ్లు,
వాళ్ల చెమట ఆరకుండానే.
బేసులంటే యూరియా సంచులు, లోపల గోదారి ఇసక.
హోమ్ ప్లేటు మాత్రం పంచరు షాపు మస్తాను
ట్రాక్టరు టైరు కోసి చేసిచ్చాడు.
అయిదు మూలల్లో ఒకటి వంకర.

టాస్‌కి ముందు అంపైరు కాలవకేసి చూశాడు.
లెఫ్టు ఫీల్డు వెనక గట్టు, గట్టు దిగితే నీళ్లు,
నీళ్ల మీద గుర్రపుడెక్క.
కంచె లేదు.
"కాలవలో పడితే రెండు బేసులు" అన్నాడు.
కెప్టెన్లిద్దరూ తలలూపారు.
పుస్తకం మొదటి పేజీలో రాశాను, కింద గీత కూడా గీశాను,
అంత దూరం ఎవరు కొడతార్లే అనుకుంటూ.

ఎనిమిది ఇన్నింగ్సుల సంగతి వదిలెయ్యండి.
రొయ్యల లారీ ఒకటి గట్టు మీద ఆగింది,
డ్రైవరు టాపెక్కి కూర్చున్నాడు.
గేదె ఒకటి థర్డు బేసు దాకా వచ్చి, ఆలోచించి, వెనక్కి పోయింది.
దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

తొమ్మిదోది. వాళ్లు అయిదు, మేం మూడు. ఇద్దరు ఔటు.
సెకండులో గుత్తుల సుభాషిణి, ఫస్టులో పితాని మంగతాయారు.
బ్యాటు పట్టుకుని గెడ్డం ఎస్తేరు,
మూడు రోజులుగా ఒక్క బంతీ తగలని ఎస్తేరు.
వల విసిరే ముందు మనిషి నడుం తిప్పి ఆగుతాడే,
అలా ఆగింది.

కొట్టింది.

ఆ చప్పుడు విన్నాక ఇక చూడక్కర్లేదు, అయినా చూశాను.
బంతి తాటిచెట్టెత్తున లేచి
గట్టు దాటి, లారీ దాటి, డ్రైవరు నోరు తెరిచి తిరిగేలోపు
గుర్రపుడెక్క పువ్వుల మధ్య
చప్పుడు కూడా లేకుండా దిగిపోయింది.

ముగ్గురూ చుట్టి వచ్చేశారు.
వంకర మూల మీద రెండు కాళ్లతో దూకింది ఎస్తేరు.
ఆరు–అయిదు! మేస్టారు ఈల మింగినంత పని చేశారు.
అంపైరు మెల్లగా నా బల్ల దగ్గరికొచ్చి
మొదటి పేజీ తిప్పాడు.
నా చేతిరాత. నా గీత.

"నువ్వు సెకండుకి పోమ్మా" అన్నాడు ఎస్తేరుతో.
"నువ్వు థర్డుకి."
నడిచారు వెనక్కి,
ఏదో మరిచిపోయి తెచ్చుకోవడానికి వెళ్తున్నట్టు.
ఇంట్లో కాలు పెట్టిన పిల్లల్ని
నేనే వీధిలోకి పంపినట్టుంది నాకు.
తర్వాతి అమ్మాయి మూడుసార్లూ గాలిని కొట్టింది.
అయిదు–నాలుగు, తణుకు.
రాశాను. పుస్తకంలో ఏ పొరపాటూ లేదు.

వాళ్ల పిచ్చరు వచ్చి ఎస్తేరు అరచేయి తిప్పి చూసింది,
బొబ్బలు లెక్కపెడుతున్నట్టు.
ఏమీ అనలేదు.
బస్సు వెళ్లాక చూస్తే మా సంచీలో నాలుగు గ్లవుజులు ఎక్కువున్నాయి.
మర్చిపోయారు, అంటారు మేస్టారు.

వారం తర్వాత లాకుల దగ్గర తూములో తట్టుకుందని
కళాసీ బంతి తెచ్చిచ్చాడు,
నీళ్లు తాగి ఉబ్బి, కుట్లు విప్పుకుని.
సముద్రపు గుర్రం పక్కన ఖాళీ జాడీ ఉంటే
అందులో పెట్టి చీటీ అంటించాను.
దొరికిన చోటు: లాకులు.
దొరికిన రోజు: బుధవారం.
దూరం అన్న గడి ల్యాబు చీటీల్లో ఉండదు.
నేనే ఒకటి గీశాను.
ఎస్తేరు వచ్చి టేపు ఆ కొస పట్టుకుంటే
నింపాలి.