అయిదు గ్రాములు

పామూరు రోడ్డులో మా కొరియరాఫీసు
షట్టరు సగమే ఎత్తుతున్నాను ఇప్పుడు.
మొత్తం ఎత్తితే ఎండ తప్ప లోపలికి వచ్చేదెవరు?

కాటా మీద ఏమీ లేదు.
ఫ్యాను తిరిగినప్పుడు మాత్రం
ఎర్ర అంకె ఉలిక్కిపడి అయిదు గ్రాములంటుంది,
మళ్ళీ సున్నా.
దానికింకా అలవాటు పోలేదు పాపం.

అలవాటు చేసింది వాళ్ళే గదా.
ఏడేళ్ళ కింద, తెల్లారకముందే ఒంగోలు వ్యాను వచ్చి
గోతాలకు గోతాలు దించిపోయేది.
చెప్పులు, మిక్సీలు, పసిబిడ్డల డైపర్లు,
ఒకసారి నిలువెత్తు అద్దం.
దాన్ని ఆటోలో నిలబెట్టి జిలానీ వలేటివారిపాళెం పోతుంటే
దారెంబడి పొగాకు చేలన్నీ అందులో నడిచినాయంట.
సరుకు వాళ్ళది, కాళ్ళు మావి,
పార్శిలుకి ఇంతని లెక్క.
బో కుదిరిందిలే అనుకున్నాం.
అప్పు చేసి రెండో ఆటో కొన్నాను.
పాత ఖాతాదార్లొస్తే,
చిట్టీల కంపెనీ నోటీసులు,
విత్తనాల కొట్టు రోశయ్యగారి సాంపిళ్ళు,
"రేపు చూద్దాం లెండి" అన్నాను.
ఆ మాట ఇప్పుడు రాత్రిళ్ళు నాకే వినబడుతుంది.

అడ్రసులు నేర్పింది కూడా మేమే.
"మాలకొండయ్య, గుడ్లూరు" అని మాత్రమే రాసుంటుంది అట్టపెట్టె మీద.
ఆ ఊళ్ళో పదకొండు మంది మాలకొండయ్యలు.
ఏ మాలకొండయ్య బూటు సైజు తొమ్మిదో
జిలానీకి తెలుసు.
ప్రతి గడప ముందూ నిలబడి
ఫోనులో ఒక చుక్క పెట్టమన్నారు వాళ్ళు.
పెట్టాం.
నాలుగేళ్ళు చుక్కలు పెట్టాం.
ముగ్గు ఎవరి వాకిట్లోదో
అడగాలని తోచలేదు.

నిరుడు వానల్లో బైపాసు పక్క పొగాకు గోడౌను
అద్దెకి పోయింది.
బేళ్ళు దొర్లించిన చోట తిరిగే బెల్టు,
రాత్రంతా తెల్లటి లైట్లు.
ఎంత పెయింటు కొట్టినా గోడల్లో ఘాటు పోలేదని,
పెట్టెలు ఎత్తినా తుమ్ములొస్తాయని
అక్కడ చేరిన పిల్లలు నవ్వుతా చెప్పారు.

ముందు టౌను పార్శిళ్ళు ఆగినాయి.
లింగసముద్రం, పొన్నలూరు, గతుకులూ కుక్కలూ
మాకొదిలారు కొన్నాళ్ళు.
తర్వాత అవీ లేవు.
తగాదా లేదు, తిట్టలేదు, ఉత్తరం ముక్క లేదు.
ఒక పొద్దున వ్యాను రాలేదు, అంతే.
ఎనిమిదింటి దాకా రోడ్డు చూస్తా
టీ చల్లార్చుకున్నాను.

మా కందుకూరిని ప్రకాశం నుంచి కోసి
నెల్లూరుకి అతికించినప్పుడు కూడా
పిన్‌కోడు మారలేదు.
సర్కారు కంటే గట్టివి ఈ ఆరంకెలని
గొప్పగా చెప్పుకున్నాను టీ కొట్టు దగ్గర.

జిలానీ పోయేముందు చెప్పాడు:
"బండి నాదే, పెట్రోలు నాదేనన్నా.
అయినా రోజుకి నూటపది పెట్టెలిస్తామన్నారు."
రెండు నెలల జీతం బాకీ ఉన్న నోటితో
వద్దని ఎట్టా అనేది?

నిన్న మధ్యాహ్నం షట్టరు కింద వంగి
కొత్త చొక్కా ఒకటి లోపలికొచ్చింది.
"పార్శిలన్నా."
నాకా?
మా ఆవిడ ఆర్డరు పెట్టిందంట, ఆఫీసు అడ్రసుకే:
అట్టపెట్టెలు కట్టే టేపు, అరడజను.
బజారు కంటే నలభై రూపాయలు తక్కువ.
చెయ్యి ఊరుకోక కాటా మీద పెట్టాను.
ఆరువందల నలభై.

"ఓటీపీ చెప్పన్నా" అన్నాడు, ఫోను వైపు చూస్తానే.
పద్నాలుగేళ్ళు ఒకే క్యారేజీలో అన్నం తిన్నాం.
నా మొహం చాలదారా అని అనలేదు.
వాడికి చాలుతుంది.
ఆ ఫోనుకి చాలదు.
నాలుగంకెలు చెప్పాను.
మంచినీళ్ళు తాగమంటే
టైము నడుస్తుందన్నా అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రోశయ్యగారి కుర్రాడొచ్చాడు, చాన్నాళ్ళకి.
మిరప విత్తనాలు, పావుకిలో, గుంటూరుకి.
ఫ్యాను ఆపి తూచాను.
కొత్త టేపుతోనే కట్టాను.
బాగానే అంటుకుంటోంది.